వేరుకాపురం పెట్టిన ఎర్తు

పదవీ విరమణకు నాలుగేళ్ళు మిగిలి ఉండగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో నన్ను గాజియాబాద్ డివిజనుకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. నేను కేంద్ర ప్రభుత్వ భవనాలు కట్టి చూసుకునే శాఖలో విద్యుత్ విభాగం వాణ్ణి. గోడలు, కప్పులు, కారే పైపులు సివిల్ వాళ్ళవి. తీగెలు, ప్యానెళ్ళు, పంపులు, లిఫ్టులు మావి. డివిజనుకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పెద్ద. ఆయన కింద అసిస్టెంటు ఇంజనీర్లు, వాళ్ళ కింద జూనియర్ ఇంజనీర్లు ఉంటారు. జూనియర్ ఇంజనీరును మేము జేఈ అంటాం. ఏ సంతకం కింద ఎవరి పేరున్నా, సైటులో ఎండకు నిలబడేది జేఈ.

నా గురించి రెండు మాటలు ముందే చెప్పాలి, తరవాత జరిగిన సంభాషణ అర్థం కావడానికి. మాది విజయనగరం వైపు ఒకప్పటి చిన్న ఎస్టేటు కుటుంబం. మా ఊరికి ప్రభుత్వం కరెంటు తేవడానికి చాలా ముందే మా తాతగారు మద్రాసు నుంచి డైనమో తెప్పించి సావిడిలో దీపాలు వెలిగించారు. ఎస్టేట్లు రద్దయ్యాక భూములు పోయాయి, ఆ తరవాత పల్లకీ, వెండి సామాను పోయాయి. చివరికి డైనమో కూడా పాత ఇనుము కింద తూకానికి వెళ్ళింది. మా నాన్నగారు సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి, రిటైరయ్యే దాకా కోటు లేకుండా ఆఫీసుకు వెళ్ళలేదు. నేను స్కాలర్‌షిప్పు మీద ఇంజనీరింగు చదివాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాంట్రాక్టరు ఇచ్చిన టీ తాగలేదు, ఆయన కారెక్కలేదు. నా పేరు చివర రాజు ఉండటం వల్ల, నడక కాస్త బిగువుగా ఉండటం వల్ల, ఢిల్లీలో నన్ను రాజా సాబ్ అనేవారు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో నాకు తెలుసు. పట్టించుకోలేదు.

గాజియాబాద్ డివిజను కింద ఒక కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల ఉండేది. మందుల నాణ్యత పరీక్షించే చోటు. పేరు చెప్పను. గేటు దాటగానే రెండు వరసల వేపచెట్లు, వాటి కింద ఆ నెలలో రాలిన తెల్లటి పూత. వేడిగాలి మొదలయ్యే ముందు ఉదయం పూట ఆ పూత వాసనలో నడవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. అక్కడ కొత్తగా ఒక అమెరికా యంత్రం పెట్టారు. మందులో ఏ రసాయనం ఎంత పాళ్ళలో ఉందో అది విడదీసి చెబుతుంది. దాన్ని తెప్పించడానికి ఏళ్ళ తరబడి ఫైళ్ళ వెంట తిరిగిన శాస్త్రవేత్త డాక్టర్ అరుంధతి. కరీంనగర్ జిల్లా మనిషి. ధౌలా కువాన్‌లో డిగ్రీ చదవడానికి వచ్చి ఢిల్లీలోనే ఉండిపోయింది. యంత్రానికి ఇన్‌చార్జి ఆవిడే.

మన దగ్గర దీపానికి, ఫ్యానుకు వచ్చే వోల్టేజీలో సుమారు సగమే అమెరికా వాళ్ళది. అందుకని ఆ యంత్రం కోసం కింది అంతస్తులో ఒక స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఒక వైపు మన కరెంటు లోపలికి వెళితే, రెండో వైపు నుంచి తగ్గించిన కరెంటు బయటికి వస్తుంది. అక్కణ్ణుంచి కేబులు మీద పై అంతస్తుకు వెళ్ళి, యంత్రం పక్కనే గోడవారగా ఉన్న ఒక ప్యానెల్లోకి, అందులోంచి యంత్రంలోకి. ట్రాన్స్‌ఫార్మరు దాకా పని మా శాఖది. ఆ ప్యానెలు, యంత్రం, వాటి ఎర్తింగు అమ్మిన కంపెనీ వాళ్ళవి.

చార్జి తీసుకున్న మర్నాడే జేఈ త్యాగి ఒక ఫిర్యాదు సంగతి చెప్పాడు. త్యాగి మీరట్ వాడు, నెమ్మదస్తుడు, పనిమంతుడు. యంత్రాన్ని ముట్టుకుంటే షాకు కొడుతోందని డాక్టర్ మేడం నెల రోజులుగా అంటున్నారట. తన ఇద్దరు సహాయకులను దాని దగ్గరికి రానివ్వడం లేదట. నమూనాలు ఫ్రిజ్‌లలో పేరుకుపోతున్నాయి. తాను మూడుసార్లు వెళ్ళి చూశాననీ, కంపెనీ ఇంజనీరు మెహ్రా కూడా చూశాడనీ, ఏమీ లేదనీ త్యాగి చెప్పాడు. యంత్రం ఒంటికీ, ప్యానెల్లోని ఎర్తు పట్టీకీ మధ్య మీటరు పెడితే సున్నా వచ్చింది. మేడంకి పని ఒత్తిడి ఎక్కువైందని డైరెక్టరు గారి అభిప్రాయమని కూడా, చూపు పక్కకు తిప్పుకుని, చెప్పాడు.

అసలు చిక్కు నాకు డైరెక్టరు గదిలో తెలిసింది. వచ్చే సోమవారం మంత్రిత్వ శాఖ నుంచి బృందం వస్తోంది. యంత్రం అప్పటికి నడుస్తూ ఉండాలి. విద్యుత్ ఏర్పాట్లు సక్రమంగా ఉన్నాయని మా డివిజను నుంచి ఒక సర్టిఫికెట్ కావాలి. అది వస్తే డాక్టర్ అరుంధతి ఫిర్యాదు నిరాధారమని తేలుతుంది. అప్పుడు ఆవిణ్ణి స్టోర్సు విభాగానికి మార్చి యంత్రాన్ని మరొకరికి అప్పగిస్తారు. డైరెక్టరు ఇదంతా దాపరికం లేకుండా, మర్యాదగానే చెప్పారు. చూసి చెబుతానన్నాను. నా సంతకానికి అంత బరువు ఉండటం అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు.

త్యాగిని వెంటబెట్టుకుని మేడ మీదికి వెళ్ళాను. డాక్టర్ అరుంధతి నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది కాని, ముఖంలో ఆశ ఏమీ లేదు. పరీక్షకు వచ్చిన మూడో మనిషిని. తెలుగులో పలకరించేసరికి మాత్రం కొంచెం తేలికపడింది. ఇంట్లో కొడుకు కూడా హిందీలోనే జవాబిస్తాడు సార్, ఆఫీసుల తెలుగు విని శానా రోజులైంది, అంది.

నేను యంత్రం దగ్గరికి వెళ్ళి కుడి చేతి వెనక భాగంతో దాని స్టీలు తలుపును తాకాను. ఏమీ తెలియలేదు. మళ్ళీ తాకాను. అంతే. ఆవిడ గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తోంది.

"మీరు గూడ గట్లనే ముట్టుకుంటున్నరు సార్," అంది.

ఎలా అని అడిగాను.

"మీ డిపార్టుమెంటోళ్ళందరు ఒక చెయ్యి జేబుల పెట్టుకోని వస్తరు. నాది రెండు చేతుల పని."

కిందికి చూసుకుంటే నా ఎడమ చెయ్యి నిజంగానే ప్యాంటు జేబులో ఉంది.

ఇది మా వృత్తిలో మొదటి రోజు నేర్పే అలవాటు. కరెంటున్న చోట ఒక చేత్తో పనిచెయ్యి, రెండోది జేబులో పెట్టుకో అని పాత ఫోర్‌మన్లు చెప్పేవారు. రెండు చేతులూ రెండు లోహాల మీద ఉంటే కరెంటు ఒక చేతిలోంచి దూరి గుండె మీదుగా రెండో చేతిలోంచి పోతుంది. ఒక్క చెయ్యే ఉంటే, కాలికి బూటు ఉంటే, దానికి దారి ఉండదు. మంచి అలవాటు. ఎంతోమందిని బతికించింది. ముప్ఫై ఏళ్ళు అలా పనిచేశాక జేబులోకి వెళ్ళే చేతి సంగతి మనకే గుర్తుండదు. త్యాగి, మెహ్రా, నేను, అందరం ఆ అలవాటుతోనే వచ్చాం. మాకు షాకు తగలకుండా ఉండటానికి నేర్చుకున్న పద్ధతిలో షాకు కోసం వెతికాం.

"అమ్మా, మీరు రోజూ చేసే పని చేసి చూపించండి. యంత్రాన్ని మాత్రం తాకవద్దు," అన్నాను.

ఆవిడ చూపించింది. యంత్రం పక్కనే స్టీలు సింకు. ఎడమ చేత్తో కుళాయి తిప్పి గాజు సీసా కడుగుతూ, కుడి చేత్తో యంత్రం తలుపు తెరవాలి. నమూనా చల్లబడక ముందే లోపల పెట్టాలి కనుక రెండూ ఒకేసారి జరుగుతాయి. చేతులు తడిగా ఉంటాయి. నేను మీటరు తెప్పించి ఒక మొనను కుళాయి మీద, రెండోదాన్ని యంత్రం తలుపు మీద పెట్టాను. పాతిక వోల్టులు చూపించింది. మనిషిని చంపేటంత కాదు. తడి చేతికి మోచేతి దాకా జివ్వుమనడానికి చాలు. త్యాగి మీటరు వైపు చూసి, తరవాత తన జేబు వైపు చూసుకున్నాడు.

ఇక్కడ కొంచెం వివరం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరులో బయలుదేరి తిరిగి ఆ ట్రాన్స్‌ఫార్మరుకే చేరాలి. ఒక తీగెలో వెళ్ళి, న్యూట్రల్ అనే మరో తీగెలో తిరిగొస్తుంది. ఆ న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒకచోట భవనం ఎర్తుతో కలుపుతాం. భవనంలోని ప్యానెళ్ళు, పైపులు, సింకులు, యంత్రాల ఒళ్ళు అన్నిటినీ లోహపు పట్టీలతో ఒకదానితో ఒకటి కలిపి అదే ఎర్తుకు కట్టాలి. దాన్నే బాండింగ్ అంటాం. అప్పుడు ఎక్కడైనా తీగె తెగి ప్యానెలు ఒంటికి తగిలితే, కరెంటు ఆ పట్టీ వెంబడి ట్రాన్స్‌ఫార్మరుకు ఒక్కసారిగా పరిగెడుతుంది. అంత కరెంటు చూసి బ్రేకరు వెంటనే తెగిపోతుంది. మనిషికి ఏమీ కాదు. ఎర్తింగు అనగానే కరెంటు భూమిలోకి ఇంకిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇంజనీర్లు కూడా. మట్టి మంచి దారి కాదు. బ్రేకరును తెంచేది లోహపు పట్టీ.

ఈ యంత్రానికి కంపెనీ వాళ్ళు ఏం చేశారంటే, భవనం ఎర్తు మురికిదనీ, సున్నితమైన యంత్రానికి శుభ్రమైన ఎర్తు కావాలనీ చెప్పి, తోటలో విడిగా గొయ్యి తవ్వి, రాగి పలక పాతిపెట్టి, బొగ్గు, ఉప్పు నింపి, దాని మీది నుంచి పట్టీ తెచ్చి ప్యానెలుకు కలిపారు. ప్యానెలు భవనం లోహాన్ని ఎక్కడా తాకకుండా దాని కాళ్ళ కింద ఫైబరు బిళ్ళలు పెట్టారు. కేబులుకు తొడుగుగా స్టీలు పైపు బదులు ప్లాస్టిక్ పైపు వేశారు. ఎర్తు లీకేజీ చూసి తెగిపోయే బ్రేకరు ఊరికే ట్రిప్పవుతోందని తీసేశారు. ఉత్తరాదిలో ఆ రోజుల్లో ఖరీదైన యంత్రం ఎక్కడ పెట్టినా ఇదే ఆచారం. కంప్యూటర్లకు, స్కానింగు మిషన్లకు, అన్నిటికీ విడి గొయ్యి. కలిసి ఉండవలసిన ఎర్తు వేరుకాపురం పెట్టిందన్న మాట.

యంత్రం లోపలి ఫిల్టర్ల నుంచి కొంచెం కరెంటు ఎప్పుడూ ఎర్తులోకి కారుతూ ఉంటుంది. అది సహజం. పట్టీ ఉంటే అది హాయిగా వెళ్ళిపోయేది. ఇక్కడ దానికి తోటలో మట్టిగుండా మాత్రమే దారి. యంత్రం పెట్టింది వానలు వెలిశాక. మట్టి తడిగా, ఉప్పు కొత్తగా ఉంది. ఏప్రిలు వచ్చేసరికి మట్టి బీటలు వారింది, ఉప్పు పట్టీ అతుకును తినేసింది. త్యాగిని తీసుకుని తోటలోకి వెళ్ళి, చేత్తో తిప్పే పాత మీటరుతో గొయ్యి నిరోధం కొలిచాను. ఆ పిడి తిప్పినప్పుడల్లా వచ్చే గరగర శబ్దం నాకు చాలా ఇష్టం. ఇప్పటి మీటర్లు మాట్లాడవు. ముల్లు ఉండవలసిన చోటు దాటి చాలా దూరం వెళ్ళి ఆగింది.

మెహ్రా మధ్యాహ్నం వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మెరిసే బూట్లు, చురుకైన మాట. నేను చెప్పింది విని, గొయ్యిలో నాలుగు బకెట్ల నీళ్ళు పోయించాడు. అరగంటకు కుళాయికీ యంత్రానికీ మధ్య పాతిక వోల్టులు నాలుగైదుకు దిగాయి. "దేఖియే సాబ్, హో గయా," అన్నాడు, చూడండి, సరైపోయింది అని. రోజూ పొద్దున తోటమాలి చేత నీళ్ళు పోయిస్తే సరి. కావాలంటే కంపెనీ ఖర్చు మీద చిన్న పైపు వేయిస్తాం. భవనం ఎర్తుతో మాత్రం కలపడానికి వీల్లేదు, కలిపితే వారంటీ పోతుంది అన్నాడు.

జివ్వుమనడం పోతుంది, ప్రమాదం పోదని నేనన్నాను. రేపు ఎలకో, వదులైన బోల్టో తీగెను ప్యానెలు ఒంటికి తగిలిస్తే, ఎన్ని నీళ్ళు పోసినా మట్టిగుండా వచ్చే కరెంటు బ్రేకరుకు చాలదు. బ్రేకరు తెగదు. యంత్రం ఒళ్ళంతా పూర్తి వోల్టేజీతో, చూడటానికి మామూలుగా ఉంటుంది. డాక్టరు గారు ఎడమ చేత్తో కుళాయి తిప్పి కుడి చేత్తో తలుపు తెరుస్తారు. ఆ తరవాత చెప్పడానికి ఏమీ ఉండదు.

అలా ఎక్కడా జరగలేదు సర్, ఎన్నో చోట్ల పెట్టాం, అన్నాడు మెహ్రా.

డైరెక్టరు ఇద్దరి మాటలూ విన్నారు. నీళ్ళు పోస్తే తగ్గుతోంది కదా అన్నారు. వారంటీ పోగొట్టుకుని మంత్రిత్వ శాఖకు ఏం చెప్పాలి అన్నారు. సర్టిఫికెట్ ఇవ్వండి, సోమవారం గడవనివ్వండి, తరవాత తీరిగ్గా చూద్దాం అన్నారు. ఇవ్వలేనన్నాను. ఆయన కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పారు.

"రాజా సాబ్, జమీందారీ గయీ, అకడ్ నహీ గయీ."

జమీందారీ పోయినా బిగువు పోలేదని. గదిలో త్యాగి ఉన్నాడు, మెహ్రా ఉన్నాడు. మెహ్రా నవ్వు ఆపుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఇలాంటి మాటలు వెనకాల విన్నాను కాని ఎదురుగా అనిపించుకోవడం అదే మొదలు.

"అవును సర్. మా ఇంట్లో అమ్ముడుపోకుండా మిగిలింది అదొక్కటే," అన్నాను. "ఈ వారం అది మీ ప్రయోగశాలకు పనికొస్తుంది. శుక్రవారం ఉదయం యంత్రాన్ని ప్యానెలు నుంచి విడదీయనివ్వండి. అరగంట చాలు. నేను చెప్పింది తప్పయితే అక్కడే సంతకం పెట్టి ఇస్తాను."

ఆయన ఒప్పుకున్నారు. నాది తప్పని నిరూపించడానికి అంతకన్నా సులువైన దారి కనిపించి ఉండదు.

బయటికి వచ్చేసరికి డాక్టర్ అరుంధతి వరండాలో నిలబడి ఉంది. త్యాగి అప్పటికే చెప్పినట్టున్నాడు. "నా కోసం మీరెందుకు సార్ మాటలు పడాలె? స్టోర్సుకు పంపిస్తే పోత. గానీ ఆ పోరగాళ్ళిద్దరిని దాని మీద కూసోబెట్టొద్దని మాత్రం రాసిచ్చి పోత," అంది. పోరగాళ్ళంటే ఆవిడ సహాయకులు. ఇద్దరూ ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అద్దె గదుల్లో ఉండి, పోటీ పరీక్షలు రాస్తూ ఈ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు. తాను పోగొట్టుకోబోయేది ఏళ్ళ శ్రమ అని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. నేను ఓదార్చే మనిషిని కాను. శుక్రవారం మీరు కూడా ఉండాలని మాత్రం చెప్పాను. ఆవిడ తన టిఫిన్ డబ్బా తెరిచి, వాళ్ళ వైపు బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. ఆవిడ కాంట్రాక్టరు కాదు కనుక తీసుకున్నాను. నువ్వులు, పచ్చిమిర్చి, చల్లారినా కరకర. అలాంటిది మళ్ళీ తినలేదు.

శుక్రవారం గదిలో తాడు కట్టించాను. యంత్రాన్ని ప్యానెలు నుంచి పూర్తిగా విడదీశాం. సింకు చుట్టూ ఎవరూ లేకుండా చూశాం. తోటలో గొయ్యికి మెహ్రా చెప్పినట్టే ముందు రోజు నుంచి దండిగా నీళ్ళు పోయించాను. అది నా షరతు. తడిలేక అలా అయిందని తరవాత అనకూడదు. ప్యానెల్లో చిన్న బ్రేకరు ఒకటి తీసుకుని, దాని నుంచి ఒక తీగె తెచ్చి కావాలనే ప్యానెలు రేకుకు బిగించాం. అంటే ప్రమాదాన్ని మేమే చేతులారా తయారుచేశాం. ఆ తగ్గించిన వోల్టేజీకి సరిపడే బల్బు ఒకటి తీసుకుని, దాని ఒక తీగె ప్యానెలు ఒంటికి, రెండో తీగె కుళాయికి తగిలించాం. డాక్టర్ అరుంధతి రెండు చేతుల మధ్య ఆ బల్బు ఉన్నట్టు అనుకోమని డైరెక్టరుకు చెప్పాను. ఇలాంటి పరీక్ష అనుభవం లేనివాళ్ళు చెయ్యకూడదు. త్యాగి రబ్బరు చాప మీద నిలబడి, రబ్బరు తొడుగులు వేసుకుని, నా వైపు చూసి బ్రేకరు పైకి నెట్టాడు.

వేసిన బ్రేకరు వేసినట్టే ఉంది, తెగలేదు. బల్బు నిండుగా వెలిగింది.

ప్యానెలు ఎప్పటిలాగే నిశ్శబ్దంగా, బూడిదరంగు పెయింటు నిగనిగలాడుతూ ఉంది. దాని మీద కంపెనీ స్టిక్కరు. బల్బు వెలుగుతూనే ఉంది. డైరెక్టరు ఇది ఎంతసేపు ఇలా ఉంటుందని అడిగారు. ఎవరో ఒకరు వచ్చి తాకేదాకా అన్నాను.

బ్రేకరు దించి, కింద ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు పట్టీ నుంచి పై ప్యానెలు ఎర్తు పట్టీకి లావుపాటి రాగి కేబులు తాత్కాలికంగా కలిపించాను. మిగతావన్నీ అలాగే ఉన్నాయి. త్యాగి మళ్ళీ పైకి నెట్టాడు. టప్‌మని బ్రేకరు కిందికి పడింది. బల్బు వెలిగిందో లేదో కూడా తెలియలేదు. ఇంకోసారి చెయ్యమన్నారు డైరెక్టరు. ఇంకోసారీ అంతే.

మెహ్రా ప్యానెలు దగ్గరికి వచ్చి వంగి, కాళ్ళ కింది ఫైబరు బిళ్ళలను చూశాడు. ఆ ముఖంలో ఓటమి కన్నా వేరే ఏదో లెక్క కనిపించింది. తాను పెట్టిన మిగతా యంత్రాలన్నీ అతని కళ్ళ ముందు నిలబడి ఉంటాయి. ఒక ఆసుపత్రిలో కూడా ఇలాగే పెట్టాం సర్ అన్నాడు, ఎవరితోనూ కాకుండా. తరవాత వరండాలోకి వెళ్ళి చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగొచ్చి, వారంటీ గురించి చింతించనక్కర్లేదనీ, ఎర్తులను కలపమని పైవాళ్ళే చెప్పారనీ అన్నాడు. అసలు ఆ కంపెనీ వాళ్ళ దేశంలో ఇలా వేరు చెయ్యరట. మన దగ్గర ఎవరో మొదలుపెట్టారు, మిగతావాళ్ళు గౌరవంగా పాటించారు.

ఆ రోజూ మర్నాడూ త్యాగి కూలీలతో కలిసి పని పూర్తి చేశాడు. ప్యానెలును ట్రాన్స్‌ఫార్మరు ఎర్తుకు శాశ్వతమైన పట్టీతో కలిపాం. సింకు, గ్యాసు పైపు, స్టీలు బల్లలు అన్నిటినీ దానికే కట్టాం. తోటలో గొయ్యిని పూడ్చలేదు. అతుకు బాగుచేసి దాన్ని కూడా మిగతావాటితో కలిపాం. కుటుంబంలో కలిశాక అది చేసే మేలు అది చేస్తుంది. న్యూట్రల్‌ను మాత్రం ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తప్ప మరెక్కడా ఎర్తుతో కలపకుండా నేనే ప్రతి ప్యానెలూ విప్పి చూశాను. అలా కలపడం మరో పెద్ద పొరపాటు, దాని గురించి వేరే రాయాలి. చివరికి కుళాయికీ యంత్రానికీ మధ్య మీటరు పెడితే సున్నా. త్యాగి మొదట కొలిచింది ఒకే పట్టీకి కట్టిన రెండు కొసల మధ్య, అక్కడ ఎప్పుడూ సున్నాయే. ఈసారి ఆ సున్నాకు అర్థం ఉంది.

డాక్టర్ అరుంధతి చేతులు తడుపుకుని ఎడమ చెయ్యి కుళాయి మీద, కుడి చెయ్యి యంత్రం మీద పెట్టి నిలబడింది. డైరెక్టరు తలుపు దగ్గర ఉన్నారు.

"మీరు గూడ రాండ్రి సార్," అని ఆయనను హిందీలో పిలవడం మరిచిపోయి తెలుగులోనే పిలిచింది. ఆయనకు భాష అర్థం కాకపోయినా పిలుపు అర్థమైంది. వచ్చారు. ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ పెట్టారు. ఆవిడ వైపు చూసి, "ఆప్ సహీ థీ," అన్నారు. మీరు చెప్పిందే నిజం అని.

సోమవారం బృందం వచ్చింది, యంత్రం నడుస్తుండగా చూసి వెళ్ళింది. దాని ఇన్‌చార్జి మారలేదు. మెహ్రా కొన్ని వారాల తరవాత ఫోను చేసి, మిగతా చోట్ల కూడా ఎర్తులు కలుపుతున్నామని చెప్పాడు. ఆసుపత్రి నుంచే మొదలుపెట్టాడట. క్షమాపణ చెప్పలేదు, నేను ఎదురుచూడలేదు. త్యాగి ఇప్పుడు అసిస్టెంటు ఇంజనీరు. నేను గాజియాబాద్‌లోనే ఇందిరాపురంలో ఉంటున్నాను. త్యాగి అప్పుడప్పుడు వచ్చి కూర్చుని, పాత సైట్ల గురించి చెప్పించుకుంటాడు. నిజం చెప్పాలంటే ఆ ఎండలు, ఆ వేపపూత, గరగరలాడే మీటరు, రబ్బరు తొడుగుల వాసన, అన్నిటినీ నేను తలచుకుంటూనే ఉంటాను. పదవిని మాత్రం తలచుకోను.

ఆ వారం నాకు నేర్పింది ఇంతే. కరెంటు తగిలిందని ఒక మనిషి చెప్పి, మీటరు ఏమీ చూపించకపోతే, మొదట మీటరు పెట్టిన చోటును అనుమానించాలి. తరవాత మీటరును. ఆ రెండూ సరిచూశాక మనిషిని అనుమానించవలసిన అవసరం నా సర్వీసులో మళ్ళీ రాలేదు.